ఇరవయ్యో సాలు

తుగ్గలి పక్క ఊరది. పేరు మాత్రం చెప్పను. ఈ కథలోని మనుషుల చుట్టాలు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు, బస్సులో ఎదురుపడితే "ఏమప్పా బాగుండావా" అని పలకరిస్తారు, వాళ్లతో మాట పడే ఓపిక నాకు లేదు.

మృగశిర వానలు రెండు పడ్డాయంటే చాలు, ఆ పక్క చేలల్లో మనుషులు తలలు వంచుకొని నడుస్తుంటారు. కొత్తవాళ్లు చూస్తే ఏదో పారేసుకొని వెతుక్కుంటున్నారు అనుకొంటారు. వాళ్లు వెతికేది వజ్రాల కోసం. వానకు పైమట్టి కొట్టుకుపోతే ఎక్కడో ఒక రాయి తేలి మెరుస్తుందని ఆశ. కడప నుంచి వస్తారు, అనంతపురం నుంచి వస్తారు, అటు బళ్లారి నుంచి కూడా వస్తారు. బస్టాపులో పడుకొంటారు, గట్టు మీద సద్ది తింటారు, సాయంత్రానికి నడుము పట్టుకొని లేస్తారు. ఏళ్ల తరబడి వచ్చినా గాజుపెంకులు తప్ప ఏమీ దొరకనివాళ్లే ఎక్కువ. అయినా మళ్లీ ఏడు మళ్లీ వస్తారు.

బసవరాజ్‌కూ ఆ పిచ్చి ఉండేది. అయితే అతని పిచ్చికి ఒక పద్ధతి ఉండేది. గాలిమరల కంపెనీ సర్వే వాళ్ల దగ్గర మూడేళ్లు పని చేశాడు. వాళ్లు పోతూ పోతూ పాతబడిన చేతి జీపీఎస్ ఒకటి అతనికి ఇచ్చిపోయారు. అరచేతిలో పట్టే పసుపుపచ్చ డబ్బీ అది, రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే నడుస్తుంది. దాన్ని మొలకు కట్టుకొని తిరిగితే మనిషి ఎక్కడెక్కడ అడుగు పెట్టాడో అంతా తెరమీద సన్నటి గీతగా పడుతుంది.

"అందరూ చూసిన చోటే చూస్తాండారు భువనా," అని పెళ్లాంతో చెప్పేవాడు. "మనం అట్ల కాదు. చేను దున్నినట్ల నడుస్తాం. ఒక సాలు పక్కన ఇంగొక సాలు. నడిచిన నేల మీద మల్ల కాలు పెట్టేది లేదు."

అట్లా ఆ గీతలకు వాళ్ల ఇంట్లో సాళ్లు అనే పేరు పడిపోయింది.

సాయంత్రం అతను రాగానే భువన డబ్బీ తీసుకొని అరుగు మీద కూర్చునేది. పదో తరగతి దాకా చదివిన పిల్ల, మీటలు తొందరగానే అలవాటయ్యాయి. ఆ రోజు గీతకు ఆ రోజు తేదీనే పేరుగా పెట్టి సేవ్ చేసేది. తర్వాత తెర మీది గీత చెరిపేసేది. చెరపడం మరిచిపోతే మర్నాడు డబ్బీ తెరవగానే నిన్న ఆగిన చోటు నుంచి ఇవాళ మొదలుపెట్టిన చోటికి అడ్డంగా ఒక గీత గీసి పారేస్తుంది, ఇంక ఏది నడక, ఏది కాదు తెలియదు. డబ్బీలో ఇరవై సాళ్లకే చోటు. నిండిపోతే పాతవాటిని ఒక్కొక్కటే నోటుబుక్కులో బొమ్మగా గీసుకొని డబ్బీలోంచి తీసేసేది. కింద తేదీ, ఎవరి చేను, యాడ మొదలు, యాడ ఆఖరు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసేది. బసవరాజ్ పక్కన కూర్చొని కాళ్ల మట్టి గోక్కుంటూ "ఇయ్యాలా ఏం లేదు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

ఒకరోజు ఏదో మాట మీద చెప్పాడు. "సేవ్ చేస్తే టైములు పోతాయి, తెలుసునా? చెరపని గీత మీద బాణం పెట్టి నొక్కితే ఏ చోట ఎన్ని గంటలకు ఉండానో చెప్తాది. సేవ్ చేసినంక ఉత్త గీత మిగుల్తాది. పాత డబ్బీ, దాని బుద్ధి అంతే."

"టైము మనకేంటికి? రాయి దొరికితే సాలదా?" అంది భువన.

ఆ మాట అక్కడితో మరిచిపోయింది.

బసవరాజ్‌తో కలిసి నడిచేది సుంకప్ప. నిక్కర్లు వేసుకునే నాటి నుంచి ఇద్దరిదీ ఒకటే జత. ఏటా తొలివాన నాడు చేతిలోకి తడిమట్టి తీసుకొని, ఒకరి చేతిలోది ఇంకొకరి చేతిలో పోసి, "దొరికింది ఇద్దరిదీ" అనుకొనేవాళ్లు. సుంకప్ప డబ్బీని ముట్టేవాడు కాదు. "నాకు ఫోన్లో నంబరు నొక్కేదే రాదు తల్లీ, ఈ మాయపెట్టె నాకేంటికి" అని దూరం జరిగేవాడు. భువన వాణ్ణి అన్నా అని పిలిచేది. ఊరికే పిలవడం కాదు, తోడబుట్టినవాడి మీద ఉన్నంత నమ్మకం వాడి మీద ఉండేది.

నిరుడు జూన్‌లో ఒక సాయంత్రం దీపాల వేళకు సుంకప్ప ఒక్కడే వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. ఒక చేతిలో పసుపు డబ్బీ, ఇంకో చేతిలో బసవరాజ్ ఎడమ చెప్పు.

"వంక దాటబోయినాడు భువనా. డబ్బీ తడుస్తాదని నా చేతికిచ్చినాడు. పైన యాడ వాన పడిందో ఏమో, ఒక్కసారే నీళ్లొచ్చినాయి..." అని గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

బసవరాజ్ తల్లి పెద్దక్క గుండెలు బాదుకొంటోంది. ఆ గోలలోనే సుంకప్ప డబ్బీ తెచ్చి భువన ఒళ్లో పెట్టాడు. "ఇయ్యాల్టిది ఇయ్యాలే సేవ్ చేసి పెట్టమ్మా. మావాడి ఆఖరి నడక. పోతే మల్ల రాదు" అన్నాడు. ఎంత ప్రేమ అనుకొంది ఆమె. కన్నీళ్లలో మీటలు కనపడకపోయినా వేళ్లకు అలవాటేగా. సేవ్ చేసింది. చెరిపేసింది.

నాలుగు రోజులు వంక వెంబడి హంద్రి ఏటి దాకా వెతికారు. శవం దొరకలేదు. స్టేషన్ వాళ్లు డబ్బీ చూశారు. గీత ఊళ్లో మొదలై, సుంకప్ప చేన్లో ఒక చిన్న ముడి పడి, వంక గట్టు దాకా పోయి, అక్కడి నుంచి ఇంటికి వచ్చింది. సుంకప్ప చెప్పినదానికి గీత సరిపోయింది. చేన్లో ముడి ఏమిటంటే, అక్కడ కూర్చొని సద్ది తిన్నాం అన్నాడు. ఎంతసేపు కూర్చున్నారో అందులో లేదు.

ఆ తర్వాత ఏడాది పొడుగునా సుంకప్ప ఆ ఇంటిని కడుపులో పెట్టుకొని చూసుకొన్నాడు, ఉన్నమాట చెప్పాలి. పెద్దక్కకు కళ్లు మసకలు కమ్మితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది వాడే. ఆమె మాత్రం కొడుకు చచ్చాడంటే ఒప్పుకోదు. రోజూ దీపాలు పెట్టే వేళకు అరుగు మీద లోటాతో నీళ్లు పెడుతుంది. "దప్పిక్కొని వస్తాడు అమ్మీ" అంటుంది.

ఈ ఏడు తొలివాన పడగానే సుంకప్ప వచ్చాడు. "బసవడి బదులు నువ్వు నాతో రా. దొరికింది ఇద్దరిదీ" అని చేతిలో మట్టి పోశాడు. భువన కళ్లు తుడుచుకొని బియ్యం డ్రమ్ములో పెట్టిన డబ్బీ బయటకు తీసింది. కొత్త సెల్లులు వేసింది.

మొదటిరోజు సాయంత్రం అరుగు మీద కూర్చొని తెర చూస్తే రెండు గీతలున్నాయి.

ఒకటి ఆమె నడిచింది. ఇంకొకటి సుంకప్ప చేను మధ్యలో, ముడిలాగా, ఉన్నచోటే చుట్టూ చుట్టూ తిరిగి ఆగిపోయింది. ఆ పక్కకు ఆమె పోనే లేదు. సుంకప్ప తన చేన్లోకి ఎవరినీ రానివ్వడు, "నా చేన్లో సున్నపురాళ్లు తప్ప ఏముండాయి" అంటాడు. నిరుటి ఆముదపు చెట్లు కూడా కొట్టకుండా అట్లే వదిలేశాడు. పాత గీతేదో చెరపలేదేమో అనుకొని, రెండూ కలిపి సేవ్ చేసి, చెరిపేసింది. సెల్లులు తీసి పక్కన పెట్టి, డబ్బీని బియ్యంలో పెట్టింది.

రెండోరోజు సాయంత్రం గీత ఆ చేను దాటి గట్టెక్కింది.

మూడోరోజు బండ్లబాట వెంబడి ఊరి చివర వేపచెట్టు దాకా వచ్చింది.

భువన బాణం పెట్టి నొక్కింది. రాత్రి పదకొండున్నర, పన్నెండు, ఒంటిగంట... ఆ గంటల్లో డబ్బీ బియ్యంలో ఉంది. సెల్లులు గూట్లో ఉన్నాయి. ఇంట్లో పెద్దక్కకు చెబితే జడుసుకొంటుంది, ఊళ్లో చెబితే పిచ్చి పట్టిందంటారు. చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క సుంకప్పన్నే.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద సద్ది తింటున్నప్పుడు డబ్బీ చూపించింది. "అన్నా, ఈ సాలు నేను నడిచింది కాదు. నీ చేన్లోంచి వస్తాండాది."

సుంకప్ప నోటి దగ్గరకు పోతున్న ముద్ద అక్కడే ఆగింది. కాసేపు తెరనే చూశాడు. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకొని మెల్లగా నమిలాడు.

"పాతది కదమ్మా, చెడిపోయి ఉంటాది. దానికి భయమేంటికి? ఎప్పట్లాగే సేవ్ చేసెయ్. సేవ్ చేస్తే టైములన్నీ పోతాయి. ఉత్త గీతే కదా మిగిలేది."

"సరేన్నా" అంది భువన. గుండె కుదుటపడింది కూడా.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంది. చేతిలో లోటా, లోటా నిండా బూడిద. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది.

సేవ్ చేస్తే టైములు పోతాయి.

ఫోన్లో నంబరు నొక్కడం రానివాడికి ఆ మాట ఎట్లా తెలుసు?

బసవరాజ్ చెప్పి ఉంటాడు. పక్కపక్కన నడుస్తూ, తనకు చెప్పినట్టే వాడికీ చెప్పి ఉంటాడు. అంటే నిరుడు ఆ సాయంత్రం కూడా వాడికి తెలుసు. తెలిసే డబ్బీ తెచ్చి ఒళ్లో పెట్టాడు. తెలిసే సేవ్ చెయ్యమన్నాడు. ఆమె ఏడుస్తూ, ఆమె వేళ్లతోనే, మొగుడి ఆఖరి రోజు గంటలన్నీ తుడిచేసింది!

లోటా జారి బండ మీద పడింది. భువన అక్కడే బూడిదలో చతికిలబడింది. ఏడాదిగా వాడు తెచ్చిన బియ్యం తిన్నది. వాడి బండి వెనక కూర్చొని పత్తికొండకు పోయింది. వాడి చేతిలోని మట్టి మొన్ననే తన చేతిలోకి తీసుకొంది. గోడ పట్టుకొని కక్కింది.

ఆ రోజు ఆమె సాలు సేవ్ చెయ్యలేదు. చెరపలేదు. సెల్లులు తీసి పెట్టి, డబ్బీని బియ్యంలోకి తోసి, డ్రమ్ము మీద తిరగలిరాయి పెట్టింది.

దీపాలు పెట్టారు. వాన పడేటట్టుంది, గాలి లేదు. తడిసిన నల్లరేగడి వాసన వస్తోంది వాకిట్లోకి, దాంతోపాటు ఇంకేదో పాచివాసన, ఎన్నాళ్లో మూసిపెట్టిన గుంత తెరిచినట్టు.

అప్పుడు వినపడింది.

టప్... సర్ర్... టప్... సర్ర్...

బసవరాజ్ కుడిచెప్పు వారు తెగితే ఇనప తీగెతో కట్టుకొన్నాడు. ఆ కాలు ఈడ్చినట్టు వేసేవాడు. కొత్తవి కొనుక్కోమని ఆమె ఎన్నిసార్లు పోరిందో. ఆ చప్పుడును ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది.

టప్... సర్ర్... అరుగు దగ్గర ఆగింది.

భువన తలుపు చాటున నిలబడింది. తలుపు తియ్యలేదు. తియ్యాలనిపించింది. చెయ్యి గడియ దాకా పోయింది... తియ్యడానికి రాలేదు. కాసేపటికి చప్పుడు మళ్లా మొదలై, దూరమై, ఆగిపోయింది.

"అమ్మీ," అని చీకట్లోంచి పెద్దక్క గుసగుసగా పిలిచింది. "బసవడు వచ్చిపోయినాడు. నిన్నే పిలిచినాడు. ఏంటికి పలకలేదు?"

తెల్లారి చూస్తే అరుగు మీది లోటా ఖాళీ. అడుగున ఒక వేలెడు బురద.

జ్వరం వచ్చింది, చేనికి రాలేనని భువన సుంకప్పకు కబురు పంపింది. మధ్యాహ్నం మూడయ్యాక డబ్బీ తీసి సెల్లులు వేసింది. గీత అరుగు దాకా వచ్చి ఉంది. ఆ డబ్బీలో ఒక మీట ఉంది, నడిచిన సాలు వెంబడే ఎదురు నడిపించి, మొదలైన చోటికి చేరుస్తుంది. చీకట్లో దారి తప్పినప్పుడు పనికొస్తుందని బసవరాజ్ నేర్పాడు. ఆ మీట నొక్కింది. ఏదైతే అదయింది, మొగుడు ఎక్కడ ఉన్నాడో తెలుసుకోకపోతే తనకు అన్నం దిగదు.

ఆకాశం కాటుక పెట్టినట్టుంది. వేపచెట్టు దాటింది. బండ్లబాట దాటింది. దూరంగా గాలిమర రెక్కలు మెల్లగా తిరుగుతున్నాయి. వంక వైపు నుంచి నీళ్ల హోరు వినిపిస్తోంది, పైన ఎక్కడో పడినట్టుంది. సుంకప్ప చేను గట్టు ఎక్కి ఆముదపు చెట్లలోకి దిగింది. లోపల చీకటిగా ఉంది. ఆకులు తడితడిగా మొహానికి తగులుతున్నాయి.

డబ్బీ బీప్ మంది. చేరిపోయావని.

చేను మధ్య ఒక మంచమంత చోట చెట్లు లేవు. అప్పట్లో గాలిమరల రోడ్డుకు కంకర తవ్విన గుంత ఉండేది అక్కడ. నిరుడు వానలప్పుడు పశువులు పడతాయని సుంకప్ప పూడ్చేశాడు. ఊరంతా మంచిపని చేశాడన్నారు. ఇప్పుడు వానలకు ఆ మట్టి కుంగింది. కుంగినచోట, బురదలోంచి, తుప్పుపట్టిన తీగె చుట్ట ఒకటి పైకి తేలి ఉంది. దాని కింద తోలు చెప్పు.

భువన వంగి ఆ తీగె మీది బురద వేలితో తుడిచింది.

"జ్వరమన్నావు కదమ్మా."

వెనక సుంకప్ప. భుజం మీద పార ఉంది. వాడి మొహంలో కోపం లేదు. అదే మొహం, ఏడాదిగా ఇంటికొచ్చి బాగోగులు అడిగిన మొహం.

"నీకు తెలుసు," అంది భువన. "సేవ్ చేస్తే టైములు పోతాయని నీకు తెలుసు."

వాడు పార కిందికి దించాడు. "రాయి దొరికింది ఆ పొద్దు. ఇద్దరికీ ఒక్కసారే కనపడింది. వాడు తీసినాడు. దొరికింది ఇద్దరిదీ అన్నాడు, నవ్వినాడు. ఏం పుట్టిందో నాకు... పార నా చేతిలోనే ఉండాది. గుంత పూడ్చేకి మూడు గంటలు పట్టింది. డబ్బీలో ఆ మూడు గంటలు ఉంటాయని వంక దగ్గర గుర్తొచ్చింది."

"నిన్ను అన్నా అన్నాను కదరా!"

"అందుకే కదా, నిన్ను చెల్లెలట్ల చూసుకొనింది." నిజంగానే అంటున్నాడు, అదీ ఘోరం. రొండిలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. చింతగింజంత రాయి. ఆ మబ్బు వెలుతురులో కూడా లోపల ఏదో కదిలినట్టు మెరిసింది. "అమ్మబుద్ధి కాలా. సగం నీదే. పట్టు. డబ్బీ ఇట్లియ్యి."

రాయిని ఆమె చేతిలో పెట్టాడు. ఇంకో చెయ్యి డబ్బీ కోసం చాచాడు.

టప్... సర్ర్...

సుంకప్ప చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

టప్... సర్ర్... వాడి వెనక నుంచే. ఆకు కూడా కదల్లేదు. గుంతలోని చెప్పు బురదలోనే ఉంది.

"ఎవర్రా..." అని వాడు తిరగబోయాడు. తల తిరగలేదు. మెల్లగా ముందుకు వంగింది, ఎవరో మెడ మీద చెయ్యి వేసి వంచినట్టు. వజ్రాలు వెతికేవాళ్లు వంగుతారే, అట్లా. కాళ్లు కదిలాయి. ఒక అడుగు. ఇంకొక అడుగు. చేను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తిరిగాడు. పక్క సాలు పట్టుకొని వెనక్కి వచ్చాడు. మళ్లా తిరిగాడు.

"భువనా... కాళ్లు ఆగడం లేదమ్మా... ఎవరో నడిపిస్తాండారు..."

భువన డబ్బీ చూసింది. ఆమె నిలబడినచోటే నిలబడి ఉంది. తెర మీద గీత పడుతోంది. వాడు నడిచినట్టే పడుతోంది, సాలు పక్కన సాలు, అటూ ఇటూ... అంతా వంక వైపుకే.

"చెరిపెయ్ భువనా! డబ్బీలో చెరిపెయ్! నీకు దండం పెడతా..."

ఆమె బొటనవేలు మీట మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. వాడు చేను దాటాడు. గట్టు దిగాడు. అరుస్తూనే తల వంచుకొని, నేల వెతుక్కుంటూ వంకలోకి నడిచాడు. మోకాళ్లు... మొల... ఎర్రనీళ్లు...

ఆమె నొక్కలేదు.

రాత్రి ఎనిమిదికి ఊరంతా టార్చిలైట్లు పట్టుకొని వంక గట్టు మీద ఉంది. సుంకప్ప పెళ్లాం ఏడుపు భువన అరుగు దాకా వినపడుతోంది. ఏమయిందని అడిగినవాళ్లందరికీ భువన ఒక్కటే చెప్పింది: "వంక దాటబోయినాడు. ఒక్కసారే నీళ్లొచ్చినాయి." నిరుడు తాను విన్న మాటలే. అవే తన నోట్లోంచి వస్తుంటే ఆమెకే వింతగా అనిపించింది.

ఆముదపు చేను సంగతి చెప్పలేదు. చెబితే నువ్వక్కడ ఏం చేస్తాండావు అంటారు, వాడు పోతుంటే చూస్తూ నిలబడినావా అంటారు. కొంగు ముడిలో ఉన్నదేమిటని కూడా అడుగుతారు. ఆ ముడిని చేత్తో తడుముకొంది. రేపు చెప్తా, అనుకొంది. తెల్లారినాక, గొంతు కుదురుకొన్నాక చెప్తా. ఏడాది ఆగిన బసవరాజ్ ఒక్క రాత్రి ఆగలేడా?

అరుగు మీద కూర్చొని డబ్బీ తీసింది. సుంకప్ప నడకతో నిండిన గీతను చూడలేకపోయింది. తేదీ వేసి సేవ్ చేసింది. టైములన్నీ పోయాయి. చెరిపేసింది. చేసేశాక గాని ఏం చేసిందో తెలియలేదు, టైములు తుడిచే ఆ సేవ్ సుంకప్ప నేర్పినదేనని అప్పుడు గుర్తొచ్చింది.

నోటుబుక్కులో ఎక్కిద్దామని జాబితా తెరిచింది. నిన్నటికి పద్దెనిమిది. ఇప్పుడు చేసింది పందొమ్మిది. ఒక చోటు ఖాళీగా ఉండాలి.

ఖాళీ లేదు. ఇరవై ఉన్నాయి.

ఇరవయ్యోదాని పేరు రేపటి తేదీ.

దాన్ని తెరిచింది. గీత వాళ్ల అరుగు దగ్గర మొదలైంది. వేపచెట్టు, బండ్లబాట, గట్టు... ఆముదపు చేను మధ్య ఒక ముడి పడి ఆగిపోయింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చిన గీత లేదు.

"ఏమయ్యా," అంది భువన చీకట్లోకి. ఏడుపు పొంగుకొచ్చింది. "నువ్వు గూడా నన్ను ఇట్ల చేస్తావా? నీ కోసమే కదా నేను ఆ చేన్లోకి పోయింది. రేపు చెప్తా అంటాండా కదా. నన్ను నమ్మలేవా?"

లోపల పెద్దక్క లోటా కడుగుతున్న చప్పుడు. వాకిట్లో తడిమట్టి వాసన.

తెల్లవారుజామునా? మిట్టమధ్యాహ్నమా? దీపాలు పెట్టే వేళకా? భువన బాణాన్ని ఆ గీత పొడుగునా ఒక్కో చోటే పెట్టి నొక్కుకుంటూ పోయింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్లా మొదటి నుంచి. సేవ్ చేసిన సాలది. దాంట్లో టైము లేదు.